నాకిచ్చిన ‘ఎ’ గ్రేడు రద్దు చేయుట గురించి

ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఫోన్ ద్వారా జరిగిన తరగతి పరిశీలనలో నాకు లభించిన ‘ఎ’ గ్రేడును రద్దు చేసి, తరగతి గదిలో కూర్చుని మరల పరిశీలించవలసినదిగా వేడుకోలు.

1. నేను మన కళాశాలలో డి.ఎడ్. రెండవ సంవత్సరం చదువుతూ, నాంపల్లిలోని ఒక ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతికి పాఠాలు చెప్పుచున్నాను. మొదటి పరిశీలనకు రామచందర్ సార్ స్వయముగా వచ్చి వెనుక కూర్చున్నారు. గోల ఎక్కువగా ఉన్నదని ‘సి’ ఇచ్చారు. అది న్యాయమే.

2. రెండవ పరిశీలన గత మంగళవారం ఫోన్‌లో వీడియో కాల్ ద్వారా జరిగినది. శశికళ మేడం కళాశాల నుండే చూచినారు. కిటికీలో నిలబెట్టిన ఫోన్‌కు నల్లబల్ల, నేను, ముందు వరుసలు మాత్రమే కనబడును. మళ్లీ ‘సి’ వస్తుందన్న భయంతో, ఎవరూ కదలరాదని పిల్లలను ముందే బెదిరించి యుంటిని.

3. భాగహారం చెబుతుండగా వెనుక వరుసలోని హైందవి అనే పాప చెయ్యెత్తింది. "సార్, ఒంటికి పోతా" అన్నది. కూర్చోమని సైగ చేశాను. మళ్లీ లేచింది. "జర పోనియ్యున్రి సార్." విననట్లు బోర్డు వైపు తిరిగాను. విన్నాను అయ్యా. స్పష్టంగా విన్నాను.

4. కొంతసేపటికి పిల్లలు గొల్లున నవ్వారు. ఆ పాప బల్ల కింద తడి. తల వంచుకుని కూర్చుంది, ఏడవలేదు. అప్పుడైనా నేను ఆపలేదు. లెక్క పూర్తి చేశాను. ఆ సంగతి తెలియని మేడం, "పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటున్నారు కరుణాకర్, వెరీ గుడ్" అన్నారు. "థాంక్యూ మేడం" అన్నాను. ఇందులో మేడం తప్పు ఏమాత్రమూ లేదు.

5. పాప బడికి వస్తూనే ఉన్నది. కానీ మధ్యాహ్న భోజనం దగ్గర గ్లాసు ముట్టడం లేదు. గమనించి నిన్న సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. తల్లి రాణి గారు అబిడ్స్‌లో బట్టల దుకాణంలో పని చేస్తారు. అప్పుడే వచ్చినట్టున్నారు. "పొద్దుగాల లేస్తే నీళ్లు ముడ్తలేదు సారు. బడి ఇడ్సినంకనే తాగుతది. ఏమైందే అంటే చెప్తలేదు. మీకేమన్న ఎరుకనా?" అని అడిగారు. "తెలియదమ్మా, కనుక్కుంటా" అన్నాను. ఆమె చాయ్ పోసి ఇచ్చారు. తాగి వచ్చాను.

6. కావున నా గ్రేడును రద్దు చేయగలరు. మరల పరిశీలనకు ఎవరినైనా మనిషినే పంపగలరు. ఈ వృత్తికి నేను తగనని వారికి తోస్తే, ఆ మాటే రాయమని ప్రార్థన.

ఇంతకు మించి విన్నవించడానికి మొహం లేదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కరుణాకర్

తా.క.: ఇది పోస్టు చేయడానికి అబిడ్స్ వెళ్తూ ఆగలేక మళ్లీ వాళ్ల ఇంటికే వెళ్లాను. రాణి గారికి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "నాకెందుకు చెప్తున్నరు? దానికి చెప్పున్రి" అన్నారు. పాప తల్లి కొంగు వెనుక నిలబడి ఉంది. "తప్పయింది బిడ్డా, నిన్ను పోనియ్యకపోతి" అన్నాను. అది కొంగు చాటు నుంచే అడిగింది.

"గిదే మాట క్లాసుల చెప్తరా సార్? అందరు నవ్విన్రు గదా."

"ఔ, చెప్తా" అన్నాను.

సోమవారం మొదటి పీరియడ్‌లో చెబుతాను. ఎవరు చూసినా, చూడకపోయినా.