డాక్టరమ్మ కోర్సుకు నేను రాసిచ్చిన మాట

బూర్గంపాడు,
18 నవంబరు 2024.

డాక్టర్ రాజ్యశ్రీ గారికి,

టైలర్ అహ్మద్ పాషా భార్య రహీమున్నీసా సలాం. మీరు క్షేమమని తలుస్తాను. మా క్షేమం మీకు తెలిసిందే. ఆయన పోయి నేటికి పంతొమ్మిది రోజులు.

మీ నర్సమ్మ వచ్చి, కోర్సు చివరి క్లాసులో డాక్టరమ్మ ఒక పేషెంటు గురించి చెప్పాలంట, ఇంటోళ్లు గూడ నాలుగు ముక్కలు రాసియ్యాలంట అన్నది. మొగుడు పోయిన ఇద్దత్‌లో ఉన్నాను, గడువు తీరేదాకా గడప దాటకూడదు. లేకుంటే ఆ క్లాసుకే వచ్చి కడిగేసేదాన్ని. మీ సార్లందరి ముందు ఇది చదవండి.

ఎంబీబీఎస్ చదివి, మా దవాఖానాలో ఆరేళ్లు చేసి, నొప్పి తగ్గించడం ఇప్పుడు నేర్చుకుంటున్నారా? ఫోన్లో క్లాసులు, హైదరాబాదులో పది రోజులు మంచాల పక్కన నిలబడటం, అంతేనా? తర్వాత ఇందులోనే మూడేళ్ల పెద్ద చదువుకు పోతానని మా ఆయనతో చెప్పారు. ఆయన నవ్వి, పో బిడ్డా, ముందుగాల నా మీద నేర్చుకో అన్నాడు. పిచ్చి మారాజు! నాకైతే ఒళ్లు మండింది. ప్యాంటు చెడితే ఇంకో గుడ్డ తెచ్చుకుంటాం. నేర్చుకోవడానికి మీకు మా మనిషే దొరికాడా?

క్యాన్సర్ ఎముకలకు పాకింది, నయం కాదు, నొప్పి మాత్రం తగ్గిస్తానని మాటిచ్చారు. ఏదమ్మా ఆ మాట? చివరి తొమ్మిది రోజులు ఆయన అరుపులు వినలేక పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్నారు. ఫోన్ చేస్తే, గోలీ నాలుగు గంటలకోసారి ఇస్తున్నరా అమ్మా అని అడగడం, డోసు పెంచమనడం. ఇంటికొచ్చి, ఎందుకు పని చేస్తలేదో నాకే సమజైతలేదు అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీ ఏడుపు మాకెందుకు? సమజ్ కాని పనికి ఎందుకొచ్చినట్టు?

మీకు సర్టిఫికెట్ ఇవ్వొద్దు. ఇదే నేను రాసిచ్చే మాట.

ఇట్లు,
రహీమున్నీసా

తా.క.: కవరు అంటించబోయి, కాగితం మళ్లీ బయటికి తీశాను. మీ గోలీలు నేను ఒక్కటి కూడా ఆయనకు ఇవ్వలేదు. అన్నీ ఇందులోనే పెట్టాను, లెక్క చూసుకోండి. అవి నల్లమందుతో చేస్తారని మా ఆడపడుచు చెప్పింది. పోయేటప్పుడు అల్లాను తలుచుకుంటూ నోట కల్మా పలకాలి కదా, మత్తులో ఉంటే పలకలేడని భయపడ్డాను. వాటి బదులు బలం గోలీలు మింగించి, మీరు అడిగినప్పుడల్లా మీ గోలీలే ఇస్తున్నానని చెప్పాను. నీకు దేనికి భయమని మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. మీ సార్లకు ఇది కూడా చదవండి. ఆ పెద్ద చదువుకు వెళ్లండి.

ఆఖరి రోజు చెవి దగ్గర కూర్చుని కల్మా చదువుతూనే ఉన్నాను. ఆయన నన్ను పక్కకు నెట్టి, డాక్టరమ్మ గోలీ ఇంకోటి ఇయ్యవే అన్నాడు. ఆ తర్వాత మళ్లీ మాట్లాడలేదు.