వేడి యాభై ఎనిమిదికి దిగింది

శైలజా,

నేను కట్టంగూర్ బస్సుకు పోతున్న. మూడు గంటలకు నీ ఉద్యోగం పరీక్ష ఉంది కదా, కంప్యూటర్ గురించి ఫికర్ పెట్టుకోకు. పొద్దున గంటసేపు నడిపించి చూసిన. తెర మూలన పై అంకె, అదే వేడి, యాభై ఎనిమిది దాటలేదు. కింద ఫ్యాను వేగం పదకొండు వందల దగ్గరే ఉంది.

మొన్న నమూనా పరీక్ష మధ్యలో వేడి తొంభై ఆరుకు పోయి కంప్యూటర్ ఆరిపోతే, "ఇగ దీని పని అయిపోయింది అత్తమ్మా" అని ఏడ్చినవు. నువ్వు చెప్పినట్టు నేను ముందునుంచే రోజూ అంకెలు రాసి పెడుతున్న. నిన్న అన్నీ వరుసగా చదివితే తెలిసింది. నేను కంప్యూటర్ ఉన్న అర్రలో కూర్చుని గొంగడికి ఉన్ని వడికిన ప్రతిరోజు వేడి కొంచెం పెరిగింది. గొర్రెల వెంట పోయిన రోజు పెరగలేదు. ప్లగ్గు తీసి, పక్క రేకు విప్పితే ఫ్యాను రెక్కల నిండా గొర్రె బొచ్చే. మెత్తటి కుంచెతో దులిపిన. తప్పు నాదే బిడ్డా. రాట్నం కొట్టంలోకి మార్చిన.

"అమ్మకెందుకే గీ అంకెలు" అని మల్లేశ్ నవ్విండు. మీ మామ పోయినంక నువ్వు కూర్చోబెట్టి నేర్పిన అంకెలే అవి. ఆ నోటుబుక్కు టీవీ ముందర పెట్టిన, వాడికి కనబడనీ.

పచ్చిపులుసు, అన్నం మూత పెట్టి ఉన్నయి. తిని కూర్చో.

అత్తమ్మ

ఇంకో మాట. రాసేటప్పుడు మాటిమాటికీ తెర మూలకు చూడకు. అంకెలు నేను చూసిన. నువ్వు ప్రశ్నలు చూడు.