టీవీలో ఆరడుగుల అబ్బాయి

బావా, టీవీ పిక్చర్ సైజు మార్చాను, రిమోట్ ముట్టుకోకండి. వైడ్‌స్క్రీన్ సినిమాకి పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. స్క్రీన్ వేస్టవుతోందని మీరు బొమ్మని నిలువునా సాగదీస్తే మనుషులు సరుగుడు చెట్లలా తయారవుతున్నారు. నాకు సంబంధం చూసిన అఖిలేష్‌ని కూడా వాళ్ళన్న పెళ్ళి వీడియోలో అలా సాగదీసి చూపించే కదా, "అబ్బాయి ఆరడుగులు, మనోజ్ఞా" అని నన్ను ఒప్పించారు. నిన్న ఎస్-బాన్ రైలు స్టేషన్‌లో అతని కోసం అందరి తలల మీదుగా వెతికాను. తీరా చూస్తే నా చెవి దాకా ఉన్నాడు. పక్కనే నిలబడి తనూ పొడుగమ్మాయి కోసం పైకే చూస్తున్నాడు. మీ పెళ్ళిలో నా డాన్సు వాళ్ళింటి టీవీలో చూశాడట. అక్కడా రిమోట్ వాళ్ళ బావ దగ్గరే ఉంటుందట.

పప్పు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి.

అన్నట్టు, ఇప్పుడు వెళ్తున్నదీ అతన్ని కలవడానికే. హీల్స్ ఇంట్లోనే వదిలేశాను.