రాతిలో దిగిన బోల్టులు

మంగళవారం, రాత్రి

పోయిన నెల అత్తయ్య చేయి ఆనించగానే వాష్‌బేసిన్ గోడ నుంచి ఊడి వచ్చింది. అప్పటినుంచి నేను పట్టుకోనిదే ఆవిడ బాత్‌రూమ్‌లోకి వెళ్లడం లేదు. ఈరోజు మిస్త్రీ మళ్లీ బిగించబోతే రాళ్ల మధ్య సున్నం పొడిలా రాలింది.

"ఆంటీజీ, దీవార్ బహుత్ పురానీ హై," అని, గోడ మరీ పాతదంటూ డ్రిల్లు కింద పెట్టేశాడు.

"కుండ కొనేటప్పుడు కొట్టి చూడమూ? గోడనీ అలాగే చూడమనవే. ఖంగుమన్న చోట రాయి ఉన్నట్టు," అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి.

అతను సుత్తితో తట్టి చూసి, నాలుగు బోల్టులూ రాతిలోనే దింపాడు. బేసిన్ అద్దానికి కాస్త పక్కకి వచ్చింది, పరవాలేదు. నా బరువంతా వేసి ఆనుకున్నాను. కదల్లేదు.

"రేపు నేనొక్కదాన్నే వెళ్తాను," అన్నారు అత్తయ్య. సరేనన్నాను. తలుపు బయట నిలబడతానని మాత్రం చెప్పలేదు.