సెప్టెంబరు వాన ఎక్కడికి పోయింది?

డబ్లిన్,
5 అక్టోబరు 1960

మేయో జిల్లా, కిల్‌ఫెరిన్ వర్షమాపక కేంద్రం శ్రీ ఫెలిమ్ గారవన్ గారికి నమస్కారం.

మీ సెప్టెంబరు లెక్క అందింది. వాన 1.31 అంగుళాలని ఉంది. గడిచిన ఇరవై తొమ్మిదేళ్ళలో మీ ఊరి సెప్టెంబరు సగటు 4.20. మీకు నాలుగు మైళ్ళ దూరంలోని శ్రీ మల్‌రాయ్ 4.55 పంపారు. వాన డబ్బా కారుతోందేమో, పైన ఏదైనా అడ్డు వస్తోందేమో దయచేసి చూడండి.

ఈ డిసెంబరుతో ముప్పై ఏళ్ళ సగటు పూర్తవుతుంది. ఈ శరత్కాలపు తేడా తేలకపోతే మీ కేంద్రాన్ని పట్టికలోంచి తీసేస్తానని మా పైఅధికారి అంటున్నారు.

ఇట్లు,
ఉనా డెవనీ, వర్షపాత విభాగం

తా.క. ఏడంకెకు అడ్డగీత పెట్టేది దేశం మొత్తంలో మీరొక్కరే. చదవడానికి హాయిగా ఉంటుంది.


కిల్‌ఫెరిన్,
8 అక్టోబరు

అమ్మా డెవనీ గారూ,

మీరు మర్యాదగా తేడా అన్నారు. మా ఊళ్ళో దాన్ని దొంగలెక్క అంటారు. ముప్పై ఏళ్ళుగా పొద్దున తొమ్మిదింటికి ఆ డబ్బా దగ్గర ఉంటున్నాను. మా అమ్మ పోయినప్పుడు కూడా శవపేటికను గేటు దగ్గర ఆపించి, వాన కొలిచాకే కదిలాం.

డబ్బా నిండా నీళ్ళు పోసి, వంటింటి బల్ల మీద పెట్టి, ఒక పూటంతా కాపలా కాశాను. చుక్క కారలేదు. రొట్టె పిసకడానికి చోటు లేదని మా చెల్లెలు డెలియా సణిగింది.

ఇక మల్‌రాయ్ సంగతి. ఆయన పట్టిన చేప కూడా ఇంటికొచ్చేసరికి మూరెడు పెరుగుతుంది. అయినా ఆ సగటు నేనిచ్చిందే కదా? నేనిచ్చిన కర్రతో నన్నే కొడతారా?

మనసు నొచ్చుకున్న,
ఫెలిమ్ గారవన్

తా.క. కోపానికి బూట్లు కూడా కొంత కారణం. పోయిన నెల మా పేరిష్‌లో ఐదు పెళ్ళిళ్ళు. చివరిది 24న. చర్చి నుంచి విందుకు నడిచేసరికి నా కొత్త బూట్లు నాని నోళ్ళు తెరిచాయి.


డబ్లిన్,
12 అక్టోబరు

గారవన్ గారికి నమస్కారం.

24న మీ లెక్కలో 0.00 అని ఉంది. మరి బూట్లు ఎలా నానాయి?

ఒక్క ఆ రోజే కాదు. నెలలో ఇరవై రోజులు మీకు సున్నాలు. అవే రోజుల్లో మల్‌రాయ్ గారికి వాన. తనిఖీకి మనిషిని పంపుతానని పైఅధికారి అంటే నేను పదిహేను రోజులు గడువు అడిగాను. పొద్దున మీరు కొలిచి వెళ్ళాక డబ్బా దగ్గరికి ఎవరైనా వస్తున్నారేమో చూడగలరా?

ఇట్లు,
ఉనా డెవనీ

తా.క. బూట్లలో పాత పేపర్లు కుక్కండి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి.


కిల్‌ఫెరిన్,
20 అక్టోబరు

అమ్మా,

దొంగ దొరికింది. మా ఇంట్లోనే ఉంది.

ఆవుల కొట్టంలో పొంచి చూశాను. తొమ్మిదింపావుకి డెలియా వచ్చింది. ఆప్రాన్ కిందనుంచి మా బాలయేసు స్వరూపాన్ని తీసి, సరిగ్గా డబ్బా మూతి మీద నిలబెట్టింది.

"ఏంటే అది?" అన్నాను.

"ఎల్లుండి మాస్టారి కూతురి పెళ్ళి. వాన రాకుండా బాలయేసును బయట పెట్టాలని తెలీదూ?"

"అందరూ కంచె కింద పెడతారు కదే!"

"కంచె కింద పెడితే కంచె కిందే ఆగుతుంది. వాన దిగే చోటు ఇదేనని గవర్నమెంటే డబ్బా పాతింది కదా అన్నయ్యా!"

పెళ్ళికి మూడు రోజుల ముందునుంచీ రోజూ నేను కొలిచాక పెట్టి, మర్నాడు నేను లేచేలోపు తీసేస్తోందట.

"మరి ఐదు పెళ్ళిళ్ళూ తడిశాయి కదే!"

"డబ్బా తడవలేదుగా!"

మీ మాట నమ్మనందుకు సిగ్గుపడుతూ,
ఫెలిమ్

తా.క. బూట్లు పొయ్యి దగ్గర పెట్టాక మీ ఉత్తరం వచ్చింది.


డబ్లిన్,
2 నవంబరు

గారవన్ గారికి, డెలియా గారికి నమస్కారం.

మీ ఉత్తరాన్ని పైఅధికారి రెండుసార్లు చదివారు. రెండోసారి తలుపు వేసుకుని. సెప్టెంబరుకు మల్‌రాయ్ గారి లెక్క ఆధారంగా ఒక అంచనా వేసుకుంటాం. మన్నించండి, వేరే దారి లేదు. నవంబరు నిక్కచ్చిగా ఉంటే మీ కేంద్రం పట్టికలో ఉంటుంది.

26న నా పెళ్ళి. పెళ్ళయిన ఆడవాళ్ళకు ఈ ఉద్యోగం ఉండదు కనుక 25 నా ఆఖరి రోజు. ముప్పై ఏళ్ళ పట్టిక నా చేత్తోనే పూర్తి చేయాలని ఉండేది.

ఇట్లు,
ఉనా డెవనీ

తా.క. గత ముప్పై ఏళ్ళలో ఆ తేదీన ఇక్కడ పంతొమ్మిదిసార్లు వాన పడింది. మర్నాటి నుంచి క్రిస్మస్ ముందటి ఆగమనకాలం, పెళ్ళిళ్ళు చేయరు కనుక వాయిదా కుదరదు. డెలియా గారు బాలయేసును ఒక వారం అరువిస్తారా? మా ఆఫీసుకు కాకుండా ఇంటికి పంపండి.


కిల్‌ఫెరిన్,
12 డిసెంబరు

చిరంజీవి సౌభాగ్యవతి ఉనాకి ఆశీస్సులు.

ఆ రోజు మీకు చినుకు పడలేదని తెలిసి డెలియా వీధంతా చాటింది. బాలయేసు పోస్టులో మెడ విరిగి తిరిగొచ్చాడు. బాధపడకు, మెడ విరిగినవాడికే మహిమ ఎక్కువట.

నీ కుర్చీలో కొత్త గుమాస్తా ఉత్తరం రాశాడు. నవంబరు వాన 8.02, సగటు కన్నా మరీ ఎక్కువ, డబ్బాలో ఎవరైనా నీళ్ళు పోస్తున్నారా అని! మళ్ళీ దొంగలెక్కా అని కలం తీసుకుని కూర్చున్నాను. వెనకాల డెలియా చేతిలోంచి గరిట జారిపడింది.

చర్చిలో పాపసంకీర్తనం చేస్తూ సెప్టెంబరు సంగతి ఒప్పుకుందట. తీసుకున్నది తిరిగి ఇస్తేనే పాపం తీరుతుందని ఫాదర్ అన్నాడట. నీ మొదటి ఉత్తరం చూసి 4.20లోంచి 1.31 తీసేసి, మిగతా 2.89 అంగుళాలు నవంబరంతా నేను పాలు పితికే వేళ డబ్బాలో పోసింది. అదీ పెరటి పీపాలోంచి. అందులో ఉన్నది సెప్టెంబరు వానే కాబట్టి న్యాయమేనట.

అదృష్టం కొద్దీ నేను వాన కొలిచే గ్లాసుతోనే కొలిచి, ఏ రోజు ఎంతో జపపుస్తకం వెనక రాసుకుంది. అదంతా ఎత్తిరాసి పంపాను. గుమాస్తా అది తీసివేసి చూస్తే నిలిచింది 5.13. సగటు 5.10. పట్టికలో మన కేంద్రం ఉంటుందని మొన్న జవాబొచ్చింది. ఆఖరి గడి నువ్వు నింపాల్సింది తల్లీ. ఏడంకెకు అడ్డగీత పెట్టమని మాత్రం ఆయనకు గట్టిగా చెప్పాను.

ముప్పై ఏళ్ళు నిండుతున్న,
ఫెలిమ్

తా.క. డెలియాకు నిద్ర పట్టడం లేదు. తను తిరిగి ఇచ్చిన వానంతా మీవాళ్ళు తీసేశారు కదా, మరి పాపం తీరినట్టా, తీరనట్టా? ఫాదర్‌ను అడిగితే వాతావరణ శాఖను అడగమన్నాడు.