లాంతరు గెడ దగ్గర చుక్క

అమ్మకు ఉపేంద్ర నమస్కారాలు. ఒంట్లో బాగుంది. ఇది ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు.

ఇక్కడ ఫ్లయింగ్ క్లబ్బులో సొంత విమానాల వాళ్లకు కంప్యూటర్లో దారి గీసిస్తున్నాను. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, దాని మ్యాపు కూడా అందరిదీ కాబట్టి అందులో గుర్తులు ఎవరైనా పెట్టవచ్చు. సోమవారం కళింగపట్నం మీదుగా గీస్తుంటే నడిసముద్రంలో ఒక చుక్క, పక్కనే నాన్నతోపాటు తిరిగిరాని మన పడవ పేరు కనబడ్డాయి. ఊరివాళ్లెవరో పెట్టారనుకుని చెరిపేశాను. మర్నాడు మళ్లీ ఉంది, ఒడ్డుకు దగ్గరగా. ఇవాళ, నాన్నకు దారి తెలియాలని నువ్వు ఒడ్డున రోజూ లాంతరు కట్టే గెడ దగ్గరే ఉంది.

చెల్లి బిందు పరీక్షలు బాగా రాసిందా? నా దుప్పటి ఎండలో వెయ్యి.

"మోకాళ్లు పీకేత్తన్నాయిరా, ఇంక లాంతరు గుమ్మానికే కట్టేత్తాను" అన్నావు మొన్న ఫోన్లో. అప్పుడే కట్టకు. ఆదివారం నేను వచ్చాక కడదాం. బిందుకు ఆశీస్సులు.

తలుపు నేనే తీస్తాను.