నీ బిడ్డ సంగటి తినింది

లతా, నేను మీ అమ్మ మునెమ్మను. నాకు అరవై తొమ్మిదేళ్లు. పాకాలలో, ఏడాది నిండబోయే నీ బిడ్డతో ఉన్నాను. రాసేది పక్కింటి సుజాత.

నువ్వు చనిపోయాక పాప నీ పాల కోసం వెతుక్కుంటూ, ఏం పెట్టినా ఉమ్మేసింది. నిన్న మీ అత్త రత్నమ్మ వచ్చి, "ఈడ బిడ్డ ఎండిపోతా ఉండాది, ఎత్తుకుపోతా" అంది.

"ఉండు వదినా" అని, నువ్వు విడిచిన, ఉతకని నైటీ తొడుక్కున్నాను.

"ఈ వయసులో సోకు సూడు!" అని నవ్వింది.

పాప నైటీ గుండీ పట్టుకుని, పప్పునీళ్లలో పిసికిన సంగటి మింగి, మళ్లీ నోరు తెరిచింది. మీ అత్త నవ్వు ఆగిపోయింది.

"ఈడే ఉండనీలే వదినా" అంది.

నైటీకి సంగటి అంటుకుంది. సుజాత ఉతుకుతానంటే ఇవ్వలేదు. సబ్బు పడితే నీ వాసన పోతుంది.

ఇది నా వేలిముద్ర. చూసినవాళ్లు: సుజాత, మీ అత్త రత్నమ్మ.